మున్సిపల్ కౌన్సిలర్‌గా ఐదేళ్లు: నా అనుభవం

కౌన్సిలర్‌గా ఉన్న ఐదేళ్లలో జనం నన్ను ఎక్కువసార్లు అడిగిన మాట ఒకటే. "అసలు మీ చేతుల ఏముంటదమ్మా?" నిజంగా తెలుసుకోవాలనే అడిగేవాళ్లు. మోరీ నిండితే ఎవరికి చెప్పాలి, నల్లా రాకపోతే ఎవరిని అడగాలి, ఇంటి పన్ను ఎందుకు పెరిగింది, ఇవన్నీ ఆ ఒక్క మాటలోనే ఉండేవి. మొదట్లో నా దగ్గర జవాబు లేదు. నాకు ఎవరూ చెప్పలేదు కూడా. చైర్మన్‌ను ఎట్లా ఎన్నుకుంటారు, డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది, ఏ కాగితం మీద ఎవరు సంతకం పెడతారు, ఇవన్నీ ఆ కుర్చీలో కూర్చున్నాకే తెలిశాయి. వార్డుకు నిలబడాలనుకునేవాళ్లకు, ముఖ్యంగా ఆడవాళ్లకు, ముందే తెలిస్తే బాగుంటుందని రాస్తున్నాను.

మాది నల్లగొండ జిల్లాలో చిన్న మున్సిపాలిటీ. 2018 ఆగస్టు దాకా గ్రామపంచాయతీ. ఆ నెలలో రాష్ట్రమంతా చాలా పంచాయతీలను మున్సిపాలిటీలు చేసినప్పుడు మాదీ మారింది. బోర్డు మారింది, పన్ను రసీదు రంగు మారింది, సర్పంచ్ పోయి కమిషనర్ వచ్చారు. ఎన్నికలకు మాత్రం 2020 జనవరి దాకా ఆగాల్సి వచ్చింది. ఈలోగా 2019లో కొత్త మున్సిపల్ చట్టం వచ్చింది. మేము గెలిచి పనిచేసిందంతా ఆ చట్టం కిందే.

నేను నిలబడతానని అనుకున్నది మాత్రం రిజర్వేషన్ల లాటరీ తర్వాతే. ఏ వార్డు ఎవరికి అన్నది ముందు లెక్క, తర్వాత చీటీ. ఎస్టీ, ఎస్సీ వార్డులు ఎన్నన్నది జనాభాను బట్టి తేలుతుంది. బీసీలవి కలిపినా మొత్తం సగం దాటకూడదు. ఆ తర్వాత ఒక్కో వర్గంలో సగం ఆడవాళ్లకు. ఏ వార్డు మహిళకు పోతుందన్నది కలెక్టరేట్‌లో పార్టీల వాళ్ల ముందు చీటీలు తీసి తేలుస్తారు. మా వార్డు బీసీ మహిళకు వచ్చింది. ఆ సాయంత్రం మా ఇంటికి ఫోన్ల మీద ఫోన్లు. అన్నీ మా ఆయనకే. "అన్నా, వదినను నిలబెడదాం." వదినను ఒక్కరూ అడగలేదు. పొదుపు సంఘం లీడర్‌గా బ్యాంకు లోన్ల లెక్కలు, వాయిదాల లెక్కలు ఎన్నో ఏళ్లుగా చూస్తున్నాను. మా గల్లీలో ఏ ఇంట్లో ఏ కష్టం ఉందో నాకు తెలుసు. ఫోన్ పెట్టేశాక మా ఆయనకు ఒక్కటే చెప్పాను. నిలబడితే నేనే తిరుగుతా, గెలిస్తే నేనే కూర్చుంటా, నా బదులు ఎవరూ మాట్లాడొద్దు. ఆయన సరే అన్నారు. ఐదేళ్లూ ఆ మాట మీదే ఉన్నారు. అందుకు ఆయన మీద నాకు గౌరవం.

నామినేషన్ అంటే ఒక్క ఫారం నింపి ఇచ్చి రావడం కాదు. అభ్యర్థికి 21 ఏళ్లు నిండాలి, ఆ ఊరి ఓటరై ఉండాలి, ప్రతిపాదించే మనిషి అదే వార్డు ఓటరై ఉండాలి. కుల ధ్రువీకరణ పత్రం, ఆస్తులు, అప్పులు, కేసుల మీద అఫిడవిట్, ఖర్చు కోసం వేరే బ్యాంకు ఖాతా, ఇంటి పన్ను, నల్లా బిల్లు బాకీ లేదని కాగితం, ఇవన్నీ కావాలి. బీసీ కాబట్టి డిపాజిట్ సగమే, 1250 రూపాయలు. ఈ పనులన్నిటికీ ఉన్నది జనవరి 8 నుంచి 10 దాకా. ఆ మూడు రోజులూ మున్సిపల్ ఆఫీసులో పన్ను కట్టేవాళ్ల లైను రోడ్డు దాకా. ఏళ్ల తరబడి కట్టని బాకీలన్నీ అప్పుడే వసూలయ్యాయని బిల్ కలెక్టర్ సంబరంగా చెప్పాడు.

అసలు టెన్షన్ బీ ఫారం దగ్గర. పార్టీ పేరు మీద నామినేషన్ వేసినంత మాత్రాన పార్టీ గుర్తు రాదు. పార్టీ తరఫున ఫారాలు ఇచ్చే అధికారం ఎవరిదో చెప్పేది ఏ ఫారం. ఆ మనిషి సంతకంతో ఫలానా వార్డుకు ఫలానా అభ్యర్థి అని చెప్పేది బీ ఫారం. ఉపసంహరణ గడువు ముగిసేలోపు అది రిటర్నింగ్ ఆఫీసర్ చేతిలో పడాలి. మా వార్డుకు ఒకే పార్టీ నుంచి నాతో పాటు ఇంకో ఇద్దరు వేశారు. ఆ గడువు 14వ తారీఖు, భోగి. ఇంట్లో అరిసెల పిండి పక్కన పెట్టి, మధ్యాహ్నం దాకా ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్నాను. చివరి గంటలో కాగితం వచ్చింది. మిగతా ఇద్దరిలో ఒకామె ఉపసంహరించుకుంది, ఒకామె స్వతంత్రంగా నిలబడింది. ఆమె మీద నాకు కోపం లేదు. ఆమె కూడా నాలాగే గల్లీ కోసం తిరిగిన మనిషే.

ప్రచారానికి దొరికింది వారం. మా వార్డులో ఓట్లు వెయ్యి పైచిలుకు. ప్రతి గడపా తొక్కాను. మా దిక్కు ఇంటింటికీ ఒక ఫ్లోరైడ్ కథ ఉంటుంది. గార పట్టిన పళ్లు, వంగిన నడుములు. మిషన్ భగీరథ పైపుల నీళ్లు వచ్చినంక తాగునీళ్ల బాధ తగ్గింది కానీ, పైపుల కోసం తవ్విన గుంతలు అట్లనే ఉన్నాయని తిట్టారు. కోతుల గురించి అడిగారు. వీధి దీపం గురించి, పింఛను గురించి, రేషన్ కార్డు గురించి అడిగారు. పింఛను, రేషన్ కార్డు మంజూరు చేయడం కౌన్సిలర్ చేతిలో ఉండదని అప్పుడే నాకు కొంత తెలుసు. చేతనవుతుందని చెప్పి ఓటు అడగడం ఇష్టం లేక, దరఖాస్తు పెట్టడానికి వెంట వస్తానని మాత్రం చెప్పాను. ఒక ముసలవ్వ అరుగు మీద కూర్చుని తమలపాకుకు సున్నం రాసుకుంటూ అంది: "గెలిచినంక నువ్వొస్తవా బిడ్డా, నీ మొగుడొస్తడా?" నేనే వస్తానన్నాను. "గట్లయితే ఏస్త" అని ఆకు నోట్లో పెట్టుకుంది.

డబ్బు సంగతి దాచడం ఎందుకు? మున్సిపాలిటీలో అభ్యర్థి ఖర్చు పరిమితి అప్పుడు లక్ష రూపాయలు. లెక్క రాసి ఇవ్వాలి, ఇచ్చాను. కానీ పక్క వార్డుల్లో ఏం పంచుతున్నారో మా గల్లీలో అందరికీ తెలుసు. "మాకేమిస్తవ్ అక్కా" అని మొహం మీదే అడిగినవాళ్లున్నారు. అట్లా అడిగినవాళ్లను నేను తప్పు పట్టను. ఐదేళ్లలో తమకు దక్కేది ఆ ఒక్క రోజే అని వాళ్లు అనుకుంటున్నారు. ఆ అనుమానం పోవాలంటే గెలిచినవాళ్లు మళ్లీ మళ్లీ గడప తొక్కాలి. వేరే దారి నాకు కనిపించలేదు.

జనవరి 22న పోలింగ్. ఈవీఎంలు కావు, బ్యాలెట్ పేపర్లు. కాగితం మడిచేటప్పుడు సిరా పక్క గుర్తుకు అంటుకుంటుందేమోనని పెద్దవాళ్లకు భయం. నిలువుగా ముందు, అడ్డంగా తర్వాత మడవాలని ఇంటింటికీ నమూనా కాగితం పట్టుకుపోయి చూపించాము. 25న లెక్కింపు. పెట్టె తెరిచి, పాతికేసి ఓట్ల కట్టలు కట్టి, వాటిని కలిపి, అప్పుడు గుర్తుల వారీగా విడదీస్తారు. టేబుల్ అవతల నిలబడి ఆ చేతుల వంకే చూస్తుంటే గొంతు తడారిపోయింది. గెలిచాను. వచ్చిన మెజారిటీ వందకు లోపే.

గెలిచిన సాయంత్రం దండలు, పటాకులు. ఆ రాత్రే ప్రయాణం. క్యాంపు అంటారు. గెలిచినవాళ్లను చైర్మన్ ఎన్నిక దాకా ఒకచోట ఉంచుతారు, ఎదుటి పక్షం లాక్కుపోకుండా. ఆడవాళ్లకు వాళ్ల మొగుళ్లో, అన్నలో తోడు. నాకు ఓటు వేసిన గల్లీకి చెయ్యెత్తి దండం పెట్టే తీరిక కూడా ఇవ్వలేదు. ఈ క్యాంపులు ఉన్నంతకాలం కౌన్సిలర్ మొదట జవాబు చెప్పాల్సింది వార్డుకు కాదు, క్యాంపుకు తీసుకుపోయినవాళ్లకే అన్నట్టు ఉంటుంది. ఇది మారాలని నేను గట్టిగా కోరుకుంటాను.

27న పొద్దున ప్రమాణం, ఆ తర్వాత చైర్‌పర్సన్ ఎన్నిక. ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఉంది. జనం ఓటు వేసేది వార్డు సభ్యుడికే. చైర్మన్‌ను ఎన్నుకునేది మేము, మాతోపాటు ఎక్స్ అఫీషియో సభ్యులు, తమ పదవి వల్ల కౌన్సిల్‌లో చోటున్నవాళ్లు. అంటే ఎమ్మెల్యే, ఎంపీ, ఎమ్మెల్సీ. ఏ మున్సిపాలిటీలో ఓటు వేస్తారో వాళ్లు ముందే రాసివ్వాలి. రహస్య ఓటు లేదు, చేతులెత్తడమే. ఎవరికి చెయ్యెత్తాలో చెబుతూ గుర్తింపు పొందిన పార్టీ విప్ జారీ చేస్తుంది. దాన్ని కాదని చెయ్యెత్తితే సభ్యత్వం పోతుంది. హాలు చిన్నది, చేతులు లెక్కపెట్టే ఆఫీసర్ ఒక్కో పేరూ పిలుస్తూ రాసుకున్నాడు. అంతా అరగంటలో అయిపోయింది.

వార్డుల బలాలు సమంగా ఉన్నచోట ఈ ఎక్స్ అఫీషియో ఓటే కుర్చీని తేలుస్తుంది. అదే వారంలో పక్క జిల్లా నేరేడుచర్లలో రాజ్యసభ సభ్యుడు కేవీపీ రామచంద్రరావు ఓటు హక్కు మీద ఎంత రభస జరిగిందో మా దిక్కువాళ్లకు గుర్తుండే ఉంటుంది. 15 వార్డుల చిన్న ఊరు. ఎన్నిక మర్నాటికి వాయిదా పడింది. ఆ ఊరి జనం వేసిన ఓటుకు, చివరికి కుర్చీ ఎక్కిన మనిషికి నడుమ ఎన్ని మెట్లున్నాయో అప్పుడు నాకు తెలిసివచ్చింది.

రాజధానిలోనూ పద్ధతి ఇదే, కాకపోతే చాలా పెద్దది. మా ఆడబిడ్డ వాళ్లు వనస్థలిపురంలో ఉంటారు. ఎల్బీ నగర్, గడ్డిఅన్నారం లాంటి 12 మున్సిపాలిటీలను, కొన్ని పంచాయతీలను పాత హైదరాబాద్ కార్పొరేషన్‌లో కలిపి 2007లో గ్రేటర్ హైదరాబాద్ కార్పొరేషన్, అంటే జీహెచ్‌ఎంసీ చేశారు. అక్కడ వార్డును డివిజన్ అంటారు. 2020 డిసెంబర్ 1న 150 డివిజన్లకు ఎన్నికలు జరిగినప్పుడు సాయంగా వాళ్లింటికి వెళ్లాను. కరోనా కారణంగా అక్కడా బ్యాలెట్ పేపర్లే. 74 లక్షల మందికి పైగా ఓటర్లు. డివిజన్‌కు సగటున 50 వేలు. నా వార్డులో వెయ్యి పైచిలుకు. నాకు ఒక్కో ఓటరు పేరు తెలుసు. అక్కడి అభ్యర్థికి ఒక్కో కాలనీ పేరు తెలిస్తే గొప్ప. ఓటేసింది 46.55 శాతం. మా ఆడబిడ్డ వాళ్ల అపార్ట్‌మెంట్‌లో మనవాళ్లే ఎక్కువ. మునుగోడు, దేవరకొండ, కల్వకుర్తి, అచ్చంపేట దిక్కువాళ్లు. సగం మందికి ఓటు ఇంకా ఊళ్లోనే ఉంది. అసెంబ్లీ ఎన్నికలకు బస్సెక్కి ఊరికి వస్తారు. పిల్లలు చదివేది, నీళ్లు తాగేది, మోరీ పొంగితే బాధపడేది మాత్రం పట్నంలో. అదే ఏడు అక్టోబర్ వరదలో ఆ చుట్టుపక్కల కాలనీల్లో ఇళ్లల్లోకి నీళ్లొచ్చాయి. అట్లాంటి కాలనీల్లో ఉంటూ అక్కడి కార్పొరేటర్‌ను ఎన్నుకునే హక్కు ఊళ్లో దాచుకోవడం నాకు బాధనిపించింది. మా ఆడబిడ్డతో మాత్రం అప్పుడే ఓటు మార్పించుకొమ్మని గట్టిగా చెప్పాను.

ఆ ఎన్నికల్లో ఎవరికీ సొంతంగా సగం రాలేదు. టీఆర్‌ఎస్‌కు 56, బీజేపీకి 48, మజ్లిస్‌కు 44, కాంగ్రెస్‌కు 2. అయినా పాత కౌన్సిల్ గడువు మిగిలి ఉండడంతో కొత్త కార్పొరేటర్లు రెండు నెలలకు పైగా ఆగారు. 2021 ఫిబ్రవరి 11న ప్రమాణం, అదే రోజు మేయర్ ఎన్నిక. మజ్లిస్ మద్దతుతో గద్వాల విజయలక్ష్మి మేయర్ అయ్యారు. అక్కడా చేతులెత్తే పద్ధతే, అక్కడా ఎక్స్ అఫీషియో సభ్యులున్నారు. 2002లో మాత్రం హైదరాబాద్ మేయర్‌ను జనమే నేరుగా ఎన్నుకున్నారు. తీగల కృష్ణారెడ్డి అట్లా గెలిచినవారే. నా మనసులో మాట చెప్పాలంటే ఆ పద్ధతే మేలు. మేయరైనా, చైర్మనైనా నేరుగా జనం దగ్గరికి వచ్చి ఓటడిగితే క్యాంపులు ఆగుతాయి.

ఇక అసలు పని సంగతి. కౌన్సిల్ నెలకోసారి కూర్చోవాలి. మీటింగుకు కొద్ది రోజుల ముందు ఆఫీసు నుంచి ఒకతను వచ్చి పిన్ను కొట్టిన కాగితాల కట్ట ఇచ్చి, సంతకం తీసుకుపోతాడు. అదే ఎజెండా. మొదటిసారి అది చూసి ఏమీ అర్థం కాలేదు. "పారిశుధ్య కార్మికుల వేతనముల చెల్లింపు నిమిత్తం", "వీధి దీపముల సామగ్రి కొనుగోలు నిమిత్తం", "ట్రాక్టర్ల మరమ్మతుల నిమిత్తం". ఒక్కో అంశం కింద ఒక అంకె, దాని పక్కన ఏ పద్దు నుంచి అని. జనరల్ ఫండ్, ఆర్థిక సంఘం నిధులు, పట్టణ ప్రగతి అనే రాష్ట్ర పథకం. మీటింగులో ఒక ఉద్యోగి నిలబడి గబగబా చదువుతాడు. అంశం ఒకటి, ఆమోదం. అంశం రెండు, ఆమోదం. బల్లలు చరుస్తారు. పదిహేను నిమిషాల్లో లక్షల రూపాయలు దాటిపోతాయి.

నేను చేసిన పనల్లా పొదుపు సంఘం అలవాటును అక్కడికి తెచ్చుకోవడమే. ఒక పెద్ద నోటుబుక్కు కొన్నాను. ప్రతి అంశానికీ పోయిన నెలలో అదే పేరు మీద ఎంత ఖర్చయిందో పక్కన రాసుకునేదాన్ని. నాలుగైదు నెలలు గడిచేసరికి ఎక్కడ అంకె పెరుగుతున్నదో దానంతట అదే కనిపించింది. బ్లీచింగ్ పౌడర్ కరోనా నెలల్లో పెరిగిందంటే అర్థముంది. దీపాల సామాను ప్రతి నెలా ఎందుకు పెరుగుతుంది? లేచి అడిగాను. మొదటిసారి అడిగినప్పుడు వెనుక నుంచి ఎవరో, "కూసోవమ్మా, మీ ఆయనతో మాట్లాడుతం లే" అన్నారు. ఆయన ఈ సభలో సభ్యుడు కాదు, నాతోనే మాట్లాడండి అన్నాను. ఆ తర్వాత ఇంకో ఇద్దరు ఆడ కౌన్సిలర్లు కూడా నోట్‌బుక్కులు తెచ్చుకున్నారు. ఆ రోజు నాకు ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను.

టేబుల్ ఎజెండా అని ఇంకోటుంటుంది. ముందు ఇంటికి రాదు, మీటింగు రోజే బల్ల మీద పెడతారు. అత్యవసరమైనవాటికైతే సరే. కానీ చదివే టైము లేనివి అందులో ఎక్కువగా కనిపిస్తే అడగాలి. ఒప్పుకోకపోతే అసమ్మతి రాయించాలి. ఇది ప్రతి కౌన్సిలర్‌కూ ఉన్న హక్కు. "నేను ఒప్పుకోవడం లేదు" అని నోటితో అంటే గాలికి పోతుంది. నా పేరు, నా కారణం మీటింగులో జరిగింది రాసే మినిట్స్ పుస్తకంలో పడాలి. కాగితం మీద రాసి ఇచ్చి, పుస్తకంలో ఎక్కిందాకా ఆఫీసు నుంచి కదిలేదాన్ని కాదు.

ఒక మోరీ సంగతి చెబుతాను. మా వార్డులో కిరాణం షాపు నుంచి చింతచెట్టు దాకా సీసీ డ్రెయిన్, అంటే సిమెంటు మోరీ, అని ఎజెండాలో వచ్చింది. మా వార్డుకు పని వచ్చిందని సంతోషపడాల్సిన మాటే. కానీ ఆ గల్లీలో పుట్టి పెరిగిన ఆడవాళ్లు, నీళ్లు చింతచెట్టు దిక్కు పారవని అన్నారు. పొద్దున్నే నాలుగు బకెట్ల నీళ్లు షాపు ముందు కుమ్మరించి చూశాము. నీళ్లు చింతచెట్టు వైపు నాలుగడుగులు కూడా పోలేదు, మలుపు తిరిగి వెనక్కి షాపు దిక్కే వచ్చి ఆగాయి. పైగా చింతచెట్టు దగ్గర కలవడానికి పెద్ద మోరీ లేదు. కట్టినా నీళ్లు అక్కడే నిలిచి దోమలు పెరుగుతాయి. ఫోన్లో వీడియో తీసి ఇంజినీర్ సారుకు చూపించాను. ఆయన మంచివారు, మర్నాడే లెవెల్ మిషన్ తెచ్చి కొలిచి, మీరన్నది నిజమే అన్నారు. కానీ అంచనా మారిస్తే మళ్లీ కౌన్సిల్ ముందుకు రావాలి, మళ్లీ టెండర్. కొందరు మాకే కోపం చేశారు, వచ్చిన పనిని ఆపుతున్నామని. అయినా ఆగాము. తర్వాతి ఎండాకాలానికి మోరీ వెనుక బజారు మీదుగా పెద్ద కాలువలో కలిసేటట్టు కట్టారు. ఆ వానాకాలం షాపు ముందు నీళ్లు నిలవలేదు.

డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే చాలా గొడవలు తగ్గుతాయి. మా సొంత ఆదాయం అంటే ఇంటి పన్ను, నల్లా బిల్లులు, దుకాణాల ట్రేడ్ లైసెన్సులు, ఇళ్ల అనుమతుల ఫీజులు. అందులోంచి ముందు జీతాలు, కరెంటు బిల్లులు పోవాలి. కొత్త చట్టం ప్రకారం బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి తీయాలి. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలి, లేకపోతే వార్డు సభ్యుడి మీద చర్య తీసుకోవచ్చు. మిగిలేది తక్కువ. అందుకే అందరం గ్రాంట్ల కోసం చూస్తాము. 2020 ఫిబ్రవరి 24న పట్టణ ప్రగతి మొదలైనప్పుడు రాష్ట్రం నెలకు 148 కోట్లు ఇస్తామంది. అందులో 78 కోట్లు ఒక్క జీహెచ్‌ఎంసీకి, 70 కోట్లు మిగతా పట్టణాలన్నిటికీ. పట్నంలో జనం ఎక్కువ, ఒప్పుకుంటాను. కానీ మాలాంటి కొత్త మున్సిపాలిటీలకు చెత్త ట్రాక్టర్ నుంచి శ్మశానం దాకా అన్నీ మొదటి నుంచి కట్టుకోవాలి.

ఇంటి పన్ను ఏప్రిల్‌లోనే మొత్తం కడితే 5 శాతం తగ్గింపు ఉంటుంది. మా వార్డులో పొదుపు సంఘాల మీటింగుల్లో ఇది చెప్పి చెప్పి చాలా ఇళ్లవాళ్లతో ఏప్రిల్‌లోనే కట్టించాను. వాళ్లకు కొంత మిగిలింది, ఆఫీసుకూ ముందే డబ్బొచ్చింది.

చేతిలో లేనివి కూడా చెప్పాలి. ఉద్యోగులు కమిషనర్ కింద పనిచేస్తారు, కౌన్సిలర్ వాళ్లను బదిలీ చేయలేడు, జీతం ఆపలేడు. ఇళ్ల అనుమతులు 2020 నవంబర్ నుంచి టీఎస్ బీపాస్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఆన్‌లైన్ అయిపోయాయి, అందులో మాకు పాత్ర లేదు. అది మంచిదే అని నా అభిప్రాయం. కలెక్టర్‌కు మా మీద చాలా అధికారం ఉంది. అప్పట్లో జీహెచ్‌ఎంసీలో అయితే మామూలు కార్పొరేటర్‌కు పైన ఇంకో మెట్టు ఉండేది, స్టాండింగ్ కమిటీ. కార్పొరేటర్లు తమలోంచి 15 మందిని ఏడాదికోసారి ఎన్నుకునేవాళ్లు. పనుల మంజూరులో చాలా భాగం వాళ్ల ముందుకే పోయేది. మాలాంటి చిన్న ఊళ్లో అందరం ఒకే బల్ల చుట్టూ కూర్చుంటాం. అది మా అదృష్టం, అడిగే మనిషి ఉంటే.

వార్డుకు నాలుగు కమిటీలు వేయాలని చట్టంలో ఉంది. యువతకు ఒకటి, మహిళలకు ఒకటి, పెద్దవాళ్లకు ఒకటి, ఊళ్లో పేరున్నవాళ్లకు ఒకటి. ఒక్కోదాంట్లో 15 మంది. చాలాచోట్ల పేర్లు రాసి ఫైల్లో పెట్టేశారు. మా వార్డులో మహిళల కమిటీ మాత్రం నడిచింది, ఎందుకంటే వాళ్లంతా ముందు నుంచే పొదుపు సంఘాల్లో కలిసి కూర్చునే అలవాటున్నవాళ్లు. కరోనా మొదటి నెలల్లో ఏ ఇంట్లో ఎవరు పట్నం నుంచి వచ్చారు, ఎవరింట్లో బియ్యం లేవు, మందులు ఎవరికి కావాలి, అన్నీ ఆ 15 మందే చూశారు. పొద్దున నాలుగింటికి లేచి వీధులూడ్చే పారిశుధ్య కార్మికులకు చాయ్ పోసింది కూడా వాళ్లే. ఆ ఆడవాళ్లు చేసిన పని ఏ రికార్డులోనూ లేదు. నాకు మాత్రం ఒక్కొక్కరి ముఖం గుర్తుంది.

నాలుగేళ్లు నిండే వేళకు, 2024 జనవరిలో, చైర్మన్ల మీద అవిశ్వాస తీర్మానాలు వరసగా వచ్చాయి. రాష్ట్రంలో ప్రభుత్వం మారి నెలే అయింది. చాలా పట్టణాల్లో చైర్మన్లు దిగిపోయారు, జిల్లా కేంద్రం నల్లగొండలో కూడా. మళ్లీ సంతకాలు, మళ్లీ క్యాంపులు. ఆ రెండు నెలలు మా ఊళ్లో ఎజెండా మీద ఎవరికీ ధ్యాస లేదు. ఒక పైపు లీకేజీ ఫైలు అట్లనే ఆగిపోతే నాకు ఏడుపొచ్చింది.

2025 జనవరి 26తో మా గడువు ముగిసింది. మర్నాటి నుంచి ప్రత్యేక అధికారి పాలన వచ్చింది. నేనిప్పుడు కౌన్సిలర్‌ను కాను కాబట్టి మోరీ నిండితే నా ఇంటికి వచ్చినా నేను సంతకం పెట్టేదేమీ లేదు. వచ్చినవాళ్లతో కలిసి ఆఫీసుకు పోతాను. దరఖాస్తు రాతపూర్వకంగా ఇవ్వాలి, ఇచ్చినట్టు రసీదు నంబర్ తీసుకోవాలి, ఆ నంబర్ వేసి వారం తర్వాత మళ్లీ అడగాలి.

నిలబడతామని వచ్చే ఆడవాళ్లకు ముందుగా చెప్పేది ఓటర్ల జాబితా సంగతి. వార్డుల వారీ ముసాయిదా జాబితా ఆఫీసు గోడకు అంటించిన రోజే పోయి చూడాలి. ఒకే ఇంట్లో ఇద్దరి ఓట్లు రెండు వార్డుల్లో పడుతుంటాయి, చనిపోయినవాళ్ల పేర్లు ఉంటాయి, కొత్త కోడళ్ల పేర్లు ఉండవు. అభ్యంతరాలకు ఇచ్చే గడువు చాలా తక్కువ. అది దాటితే ఆ ఓటు ఐదేళ్లు పక్క వార్డుదే. ఇంటి పన్ను రసీదు, కుల పత్రం, బ్యాంకు ఖాతా అప్పుడే సిద్ధం చేసిపెట్టుకొమ్మంటాను. నా పాత ఎజెండాలు, నోటుబుక్కులు ఇంట్లోనే ఉన్నాయి. చదువుకుంటామన్న ఎవరికైనా ఇస్తున్నాను. మొన్న పక్క వార్డు నుంచి ఒక డిగ్రీ చదివిన అమ్మాయి వచ్చి రెండు పుస్తకాలు తీసుకుపోయింది. వీధి దీపాల లెక్క ఉన్న పుస్తకం కావాలని తనే అడిగింది.